కారు మీద ఆధారపడటం తగ్గించుకోవడం ఎలా: ఇంట్లో మొదలుపెట్టి వీధి దాకా

మా ఇంటికి 800 మీటర్ల దూరంలో మందుల షాపుంది. చాలా ఏళ్లు నేను అక్కడికి కారులోనే వెళ్లాను. తాళం వెతకడం, గేటు తీయడం, వెనక్కి తీసి రోడ్డెక్కించడం, అక్కడికెళ్లాక పార్కింగ్ కోసం రెండు చక్కర్లు, మళ్లీ వచ్చి గేటు వేయడం. ఒకరోజు ఎందుకో టైమ్ చూసుకుంటే మొత్తం 22 నిమిషాలైంది. నడిచినా రానూపోనూ 20 నిమిషాలే.

ఆ రోజు నుంచి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను నమ్మేది ఒకటే: కారు అలవాటు మనసు గట్టి చేసుకుంటే పోదు, ఒక్కో ప్రయాణానికి ఒక్కో సులువైన దారి దొరికితే పోతుంది. అందులో సగం దారులు మనం ఒక్కళ్లమే వేసుకోగలం, మిగతా సగానికి పక్కింటివాళ్లు కావాలి.

ముందే ఒక మాట. నడవలేనివాళ్లకి, జబ్బుతో ఉన్నవాళ్లకి, అర్ధరాత్రి డ్యూటీ దిగేవాళ్లకి, బస్సే రాని చోట ఉండేవాళ్లకి కారు నిజంగా అవసరం. వాళ్లని దయచేసి ఎవరూ తప్పు పట్టకండి. మిగతావాళ్లం కారు తీయని ప్రతిసారీ వాళ్లకే రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది.

1. రెండు వారాలు ఏమీ మార్చకుండా రాసుకోండి

కారులో ఒక చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు పెట్టండి. కారు తీసిన ప్రతిసారీ ఐదు విషయాలు రాయండి: ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు, కారులో ఎంతమంది, ఎంత బరువు, ఎందుకు కారే కావాల్సి వచ్చింది. దీనికి యాప్‌లు ఉన్నాయి గానీ పెన్సిలే మేలు. చివరి ప్రశ్నకి జవాబు రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ ఆగడమే మనకి కావాల్సింది.

నా నోట్‌బుక్కులో ఆ ఐదో గడిలో వరసగా ఇలా ఉంది: వాన. లేటయింది. బరువు. లేటయింది. చీకటి. ఊరికే. లేటయింది. ఊరికే.

చూడండి, ప్రతి కారణానికీ మందు వేరే. వానకి మంచి రెయిన్‌కోటు చాలు. బరువుకి సైకిల్ క్యారియరో, చక్రాల సంచో కావాలి. లేటయిందంటే అది రవాణా సమస్య కాదు, పొద్దున నిద్రలేచే సమస్య. చీకటి మాత్రం నా చేతిలో లేదు, ఆ దారిలో వీధి దీపం వెలగాలి, దానికి మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలి. ఇక "ఊరికే" అని రాసుకున్నవి రెండో వారానికే చాలావరకు తగ్గిపోయాయి, కాగితం మీద ఆ మాట రాయడం నాకే బాగా అనిపించలేదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ ప్రయాణాల్లో సగం దాకా నావి కానే కావు. ఎవరినో దింపడానికో, ఎవరినో తీసుకురావడానికో వెళ్లినవి. వెళ్లేటప్పుడు ఇద్దరం, వచ్చేటప్పుడు నేనూ ఖాళీ సీట్లూ. పిల్లల్నీ పెద్దవాళ్లనీ దింపే ఇంట్లో ఎవరు రాసుకున్నా ఇది కనిపిస్తుంది. కారు అలవాటు మన ఒక్కరిదే అనుకుంటాం గానీ, ఇంట్లో మిగతావాళ్లు సొంతంగా వెళ్లగలిగే దారి లేకపోవడం కూడా దాంట్లో భాగమే.

రెండు వారాలయ్యాక వాటిని మూడు కుప్పలు చేయండి: కిలోమీటరున్నర లోపు, 5 కిలోమీటర్ల లోపు, ఆ పైన. మూడో కుప్పని ఇప్పటికి పక్కన పెట్టేయండి.

2. దూరాన్ని నిమిషాల్లోకి మార్చండి

మామూలు నడకకి కిలోమీటరుకి 12 నిమిషాలు. తొందర లేకుండా తొక్కినా సైకిల్ గంటకి 15 కిలోమీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకి 4 నిమిషాలు. కారు టైమ్ లెక్కేసేటప్పుడు ఇంటి తలుపు దగ్గర మొదలుపెట్టి, అక్కడి తలుపు దాకా లెక్కేయండి. పార్కింగ్ వెతకడం, దిగి నడవడం, సిగ్నళ్లు, అన్నీ కలపాలి. ఊళ్లలో 3 కిలోమీటర్ల లోపు చాలాసార్లు సైకిలే ముందుంటుంది.

తర్వాత మీ ఇంటి మ్యాప్ తీసి, 15 నిమిషాల నడకలో ఏమేం ఉన్నాయో గుర్తు పెట్టండి. రోజువారీ అవసరాలన్నీ ఇంటికి 15 నిమిషాల్లో అందాలన్న ఆలోచనని కార్లోస్ మొరెనో అనే ప్రొఫెసర్ 2016లో ముందుకు తెచ్చారు, 2020లో పారిస్ మేయర్ ఎన్నికల్లో ఆన్ ఇడాల్గో దాన్నే ప్రచారంలో పెట్టుకున్నారు. నగరాన్ని మార్చేంత శక్తి మనకి లేకపోయినా, మన 15 నిమిషాల్లో ఏం ఉందో మనకి పూర్తిగా తెలియదనేది మాత్రం నిజం. నాకు తెలియలేదు. టైలర్, చెప్పులు కుట్టేవాళ్లు, లైబ్రరీ, మూడూ ఉన్నాయి, నేను మాత్రం కారేసుకుని దూరం పోయేవాణ్ణి.

మ్యాప్ మీద గీత గీసి వదిలేయకండి, ఆ దారిలో ఒకసారి నడవండి. మా దగ్గర ఒక ప్రహరీ గోడ ఉంది, దానికి వెనకవైపు చిన్న గేటు ఉంది, దానికి ఎప్పుడూ తాళమే. ఆ గేటు తీస్తే బస్టాపు 250 మీటర్లు, తీయకపోతే చుట్టూ తిరిగి కిలోమీటరు పైనే. తాళం తుప్పు పట్టి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా ఎవరికీ గుర్తులేదు. సంఘం మీటింగులో అడిగి, భయం ఉన్నవాళ్లతో మాట్లాడి, పొద్దున 6 నుంచి రాత్రి 9 దాకా తెరిచేట్టు ఒప్పించడానికి నాలుగు నెలలు పట్టింది. ఇన్నేళ్లలో నేను చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువమందికి పనికొచ్చింది అదే. మీ దగ్గర కూడా ఇలాంటి గేటు, మూసేసిన సందు, సగంలో ఆగిపోయిన ఫుట్‌పాత్ ఏదో ఒకటి ఉంటుంది, వెతకండి.

3. ఒకే ఒక్క ప్రయాణం ఎంచుకోండి

అన్నీ ఒకేసారి మార్చాలనుకుంటే వారంలో అలిసిపోయి మళ్లీ కారెక్కేస్తారు. మొదటి కుప్పలోంచి ఒక్కటి తీసుకోండి, వారానికి రెండు మూడుసార్లు వచ్చేది, లేటయినా కొంప మునగనిది. దాన్ని నెల రోజులు నడకకి మార్చండి.

ఇంట్లో వస్తువుల చోటు మార్చడం చాలా పనిచేస్తుంది. గొడుగు, చెప్పులు, సంచి గుమ్మం పక్కన ఉండాలి. కారు తాళం లోపలి గదిలో బీరువాలో ఉండాలి. సైకిల్ కారు వెనక ఇరుక్కుని ఉంటే దాన్ని ఎవరూ తీయరు, ముందుకి తెచ్చి పెట్టండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, అలవాటు అనేది చేతికి ముందు ఏది తగిలితే దాని వైపే పోతుంది.

చిన్న ప్రయాణాలతోనే ఎందుకు మొదలుపెట్టమంటున్నానంటే, సులువని మాత్రమే కాదు. పెట్రోల్, డీజిల్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ ఇంధనం తాగుతుంది, పొగని శుభ్రం చేసే కన్వర్టర్ కూడా బాగా వేడెక్కితే గానీ పనిచేయదు. ఇంజన్ వేడెక్కేలోపే ఆగిపోయే ప్రయాణం కిలోమీటరు లెక్కన చూస్తే చాలా మురికి ప్రయాణం.

4. సైకిల్‌ని సామాను మోసే బండిగా తయారుచేయండి

ఇంట్లో ఉన్న పాత సైకిల్ చాలు. సీటు మీద కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి, అదీ సరైన ఎత్తు. చాలామంది సీటు మరీ కిందికి పెట్టుకుని, మోకాళ్లు నొప్పెడుతున్నాయని సైకిల్ మానేస్తారు. మడ్‌గార్డులు, వెనక క్యారియర్, ముందూ వెనకా లైట్లు, గట్టి తాళం, ఈ నాలుగూ లేకపోతే అది ఆదివారం ఆటవస్తువుగానే ఉండిపోతుంది. మామూలు క్యారియర్లు చాలావరకు 25 కిలోల దాకా మోస్తాయి, దాని మీద రాసి ఉంటుంది చూసుకోండి. బరువు వీపు మీద కాకుండా క్యారియర్ మీద ఉంటే చెమట కూడా సగం తగ్గుతుంది.

తాళం చక్రానికి ఒక్కదానికే వేయకండి, ఫ్రేమ్‌తో కలిపి కదలని దేనికైనా వేయండి. గాలి వారానికోసారి. ఎత్తుపల్లాలున్న చోటయితే ఎలక్ట్రిక్ సైకిల్ బాగా పనికొస్తుంది, యూరప్‌లో వీటికి 250 వాట్ల మోటారు, 25 కిలోమీటర్ల వేగం వరకే సాయం అనే పరిమితి ఉంది, ఆ మాత్రం చాలు.

5. బస్సు, రైలు: తీరిగ్గా ఉన్న రోజున నేర్చుకోండి

ఇంటర్వ్యూ ఉన్న రోజు మొదటిసారి బస్సెక్కితే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. సెలవు రోజున, ఏ పనీ లేకుండా, ఆ రూటులో ఒకసారి వెళ్లి రండి. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఆఖరి బస్సు ఎప్పుడు, టికెట్ ఎలా, ఇవి తెలిస్తే సగం భయం పోతుంది. పది నిమిషాలకో బస్సుంటే టైమ్ చూసుకోకుండా వెళ్లిపోవచ్చు. అరగంటకొకటి అయితే టైమ్‌టేబుల్ కాగితం తలుపుకి అంటించండి.

టికెట్ ఫ్రీ చేస్తే జనం కార్లు వదిలేస్తారని చాలామంది అంటారు. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013లో తన నివాసులకి బస్సులు, ట్రామ్‌లు ఉచితం చేసింది, లగ్జంబర్గ్ 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతా ఉచితం చేసింది. డబ్బు లేనివాళ్లకి అది పెద్ద సాయమే. కానీ కారున్నవాణ్ణి బస్సెక్కించేది టికెట్ ధర కంటే ఎక్కువగా బస్సు వస్తుందన్న నమ్మకమే అని నా అభిప్రాయం. కాబట్టి అర్జీ రాసేటప్పుడు ఇంకో బస్సు అడగండి, బస్టాపులో నీడ అడగండి, కూర్చోడానికి బల్ల అడగండి.

6. బడి ప్రయాణం: పక్కింటివాళ్లతో మొదటి పని

ఇక్కడే నాకు అన్నిటికంటే ఎక్కువ ఆశ. బడి గేటు ముందు ట్రాఫిక్ చూసి భయపడి పిల్లల్ని కారులో దింపుతాం, ఆ ట్రాఫిక్ అంతా మనలాంటి తల్లిదండ్రుల కార్లే. ఒక్క ఇల్లు మానితే ఏమీ మారదు, పది ఇళ్లు కలిసి మానితే మారుతుంది.

దీనికి "నడిచే బస్సు" అనే మంచి పద్ధతి ఉంది. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాకి చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ ముందుకు తెచ్చిన ఆలోచన ఇది. బస్సుకి ఉన్నట్టే రూటు, స్టాపులు, టైమ్ ఉంటాయి, బస్సు మాత్రం ఉండదు, పిల్లలూ ఇద్దరు పెద్దవాళ్లూ నడుస్తారు.

మొదట ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులతో మాట్లాడండి, పదిమంది దొరికేదాకా ఆగొద్దు. ఆదివారం ఆ రూటు నడిచి, రోడ్డు దాటే చోట్లు, మూతలేని మ్యాన్‌హోల్స్, గేట్లలోంచి కార్లు వెనక్కొచ్చే చోట్లు రాసుకోండి. పిల్లల నడకతో టైమ్ చూడండి, మీ నడకతో కాదు. ముందు ఒకరు, వెనక ఒకరు, ఎనిమిది పదిమంది పిల్లలకి ఇది సరిపోతుంది, మరీ చిన్నపిల్లలైతే ఇంకొకరు కావాలి. ఎవరి వంతు ఎప్పుడో వారం ముందే గ్రూపులో పెట్టాలి, వంతు ఉన్నవాళ్లకి జ్వరమొస్తే ఎవరు వస్తారో కూడా అప్పుడే రాసి పెట్టాలి. స్టాపులో రెండు నిమిషాలు మించి ఆగకండి. ఆగడం మొదలుపెడితే మూడో వారానికల్లా అందరూ ఆలస్యంగానే వస్తారు.

మొదటి రోజు నేను వెనక నడిచాను. ఏడుగురు పిల్లలు. రెండో మలుపు దగ్గర ఒక పాప బూటు లేసు ఊడింది. తను ఆగింది, తనని చూసి ముందున్న బాబు ఆగాడు, వాణ్ణి చూసి అందరూ ఆగారు. నేను మోకాలి మీద కూర్చుని లేసు కడుతుంటే, ఆ బాబు నా భుజం మీదుగా చూస్తూ ఎదురింటి గోడ మీద పిల్లి పిల్లల్ని పెట్టిందని చెప్పాడు. రెండేళ్లుగా ఆ దారిలోనే కారులో వెళ్తున్నాడు, పిల్లిని అప్పుడే చూశాడు. తర్వాత రోజూ ఆ గోడ దగ్గర అర నిమిషం ఆగేవాళ్లం, ఆ అర నిమిషాన్ని టైమ్‌టేబుల్‌లో కలిపేశాం.

కాస్త పెద్ద పిల్లలకి సైకిళ్లతో ఇదే పని చేయొచ్చు. 2021లో బార్సిలోనాలో మొదలైన బిసిబుస్ అలాంటిదే, పిల్లలూ తల్లిదండ్రులూ గుంపుగా రోడ్డంతా తీసుకుని బడికి తొక్కుతారు. మీ గుంపు నిలబడ్డాక బడి యాజమాన్యాన్ని ఇంకో మెట్టు అడగండి: బడి మొదలయ్యే, వదిలే టైములో గేటు ముందు వీధిలోకి అరగంట కార్లు రాకుండా చూడమని. ఇటలీలోని బోల్జానోలో 1989లోనే ఇది మొదలుపెట్టారు.

7. మిగిలిన కారుని పంచుకోండి

సొంత కారు దాదాపు 95 శాతం సమయం కదలకుండా నిలబడే ఉంటుంది. నాలుగిళ్లకి నాలుగు కార్లున్నాయంటే, ఒక్కోసారి ఒకటే తిరుగుతూ మిగతా మూడూ జాగా తింటున్నాయన్నమాట. ఒక కారు పట్టే జాగాలో పది సైకిళ్లు పెట్టొచ్చు.

మొదట మీ కారుకి నెలకి ఎంత అవుతుందో నిజాయితీగా లెక్కేయండి. పెట్రోల్ ఒక్కటే కాదు: వాయిదా, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు, పార్కింగ్, ఏటా తగ్గే కారు విలువ. మొత్తాన్ని ఆ నెల చేసిన ప్రయాణాల సంఖ్యతో భాగించండి. ఆ అంకె చూశాక అప్పుడప్పుడూ టాక్సీ ఎక్కడం దుబారా అనిపించదు.

పంచుకోవాలంటే స్నేహం మీద నమ్మకం పెట్టుకుని ఊరుకోవద్దు, కాగితం మీద రాసుకోండి. ఎవరు ఎప్పుడు తీసుకుంటారు, కిలోమీటరుకి ఎంత కట్టాలి, గీత పడితే ఎవరు బాగుచేయించాలి, చలానా వస్తే ఎవరు కట్టాలి, పెట్రోల్ ఎంత ఉండగా తిరిగివ్వాలి. అన్నిటికంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, వేరేవాళ్లు నడిపితే పాలసీ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి, డబ్బు తీసుకుని ఇస్తే చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా అడగండి. ఇలా చిన్నగా మొదలైనవే పెద్దవవుతాయి: స్విట్జర్లాండ్‌లో 1987లో ఇరుగుపొరుగు స్థాయిలో పుట్టిన రెండు కారు సహకార సంఘాలు 1997లో కలిసి మొబిలిటీ అనే సంస్థ అయ్యాయి, అది దేశమంతా నడుస్తోంది.

కారు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు సీటు ఇవ్వొచ్చు. ఆఫీసుకి ఒకే దిక్కు వెళ్లేవాళ్లు ముగ్గురుంటే వారం వారం వంతులు వేసుకోండి.

8. వీధి గురించి అడగండి, ప్రయోగంగా అడగండి

అమెరికాలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు 1960ల చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు వీధులు చూశారు. ఇళ్లు ఇంచుమించు ఒకలాంటివే, ట్రాఫిక్ మాత్రం వేరు: రోజుకి సుమారు 2,000 వాహనాలు ఒకదాంట్లో, 8,000 ఒకదాంట్లో, 16,000 ఇంకోదాంట్లో. ట్రాఫిక్ తక్కువున్న వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు ఆ వీధిలోనే ఉన్నారు, ఎక్కువున్న వీధిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9 మాత్రమే. ఈ అంకె నేను ఎవరికి చెప్పినా వాళ్లు ఒకసారి తల తిప్పి తమ వీధి వైపు చూస్తారు.

వేగం గురించి అడిగేటప్పుడు మీటర్లలో చెప్పండి. బ్రిటన్ హైవే కోడ్ లెక్క ప్రకారం గంటకి 32 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు డ్రైవరు ప్రమాదం చూసి బ్రేకేసి ఆగేసరికి 12 మీటర్లు పోతుంది, 48లో ఉంటే 23 మీటర్లు. మీటింగుకి టేపు తీసుకెళ్లి ఆ రెండూ నేల మీద కొలిచి చూపించండి, ఉపన్యాసం అక్కర్లేదు. ఆస్ట్రియాలోని గ్రాజ్ 1992లోనే పెద్ద రోడ్లు తప్ప మిగతా వీధులన్నిటికీ 30 కిలోమీటర్ల పరిమితి పెట్టింది.

తర్వాత, నెలకో ఆదివారం రెండు మూడు గంటలు వీధి మూసి పిల్లల్ని ఆడుకోనివ్వమని అడగండి. అనుమతి తీసుకోండి, ప్రతి ఇంటికీ వెళ్లి తేదీ చెప్పండి, లోపల ఉండేవాళ్ల కార్లని మనిషి నడిచే వేగంతో, పక్కన ఒకరు నడుస్తూ బయటికి పంపించండి, అంబులెన్సుకి దారి ఎప్పుడూ ఉంచండి. కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో మొదలైన సిక్లోవియా ఇప్పుడు ఆదివారాలు, సెలవుల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకి పైగా రోడ్లని నడిచేవాళ్లకీ సైకిళ్లకీ ఇస్తోంది.

వ్యతిరేకత వస్తుంది, ముఖ్యంగా షాపులవాళ్ల నుంచి. వాళ్ల భయం నిజమైనదే, కొట్టిపారేయకండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చేసిన ఒక సర్వేలో షాపులవాళ్లు కారులో వచ్చే గిరాకీని అసలుకంటే దాదాపు రెట్టింపు ఊహించుకున్నారని తేలింది. మీరు అదే పని చేయండి: షాపతన్నే కూర్చోబెట్టి, ఒక శనివారం మూడు గంటలు వచ్చినవాళ్లని కలిసి లెక్కపెట్టండి. ఆ అంకె అతను తన చేత్తో రాస్తే దాని మీద వాదన ఉండదు.

శాశ్వతంగా కావాలని అడిగితే ఎవరూ ఒప్పుకోరు, ఆరు నెలలు చూద్దామంటే ఒప్పుకుంటారు. స్టాక్‌హోమ్ నగరం మధ్యలోకి వచ్చే కార్ల మీద రుసుము పెట్టాలన్నప్పుడు జనంలో ఎక్కువమంది వద్దన్నారు. 2006 జనవరి నుంచి జూలై దాకా ప్రయోగంగా పెట్టారు, ఆ రుసుము ప్రాంతం సరిహద్దు దాటే ట్రాఫిక్ 20 శాతం దాకా తగ్గింది. సెప్టెంబరులో ఓటు పెడితే నగరవాసుల్లో ఎక్కువమంది కావాలన్నారు, 2007 ఆగస్టు నుంచి శాశ్వతమైంది.

ఓపిక తగ్గినప్పుడు నేను నెదర్లాండ్స్ గుర్తు చేసుకుంటాను. ఇప్పుడు సైకిళ్ల దేశమంటే దాని పేరే చెప్తాం. 1971లో అక్కడ రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలే. 1970ల మొదట్లో తల్లిదండ్రులు "పిల్లల్ని చంపడం ఆపండి" అనే పేరుతోనే ఉద్యమం పెట్టి వీధుల్లోకొచ్చారు. ఆ సైకిల్ దారులు ఊరికే పుట్టినవి కావు.

9. నెలకోసారి మీటర్ చూడండి

ప్రతి నెలా ఒకటో తారీఖున కారు కిలోమీటర్ల అంకె క్యాలెండర్ మీద రాయండి. వాన పడ్డ వారం, ఇంట్లో జబ్బుచేసిన వారం అంకె పెరుగుతుంది, పెరగనివ్వండి. మూడు నెలలు వరసగా తగ్గితే కొత్తగా ఇంకో ప్రయాణం ఎంచుకోండి. పెరుగుతూ ఉంటే మళ్లీ రెండు వారాలు నోట్‌బుక్కు తీయండి, బహుశా బడి టైమో ఆఫీసు చోటో మారి ఉంటుంది.

ఇంట్లో రెండు కార్లుంటే, రెండోదాన్ని అమ్మే ముందు తాళంచెవి ఒక నెల పాటు చుట్టాలింట్లోనో స్నేహితుల దగ్గరో పెట్టేయండి. ఆ నెలలో ఎన్నిసార్లు తెచ్చుకోవాల్సి వచ్చిందో, ఎందుకో రాసుకోండి. రెండు మూడుసార్లే అయితే, ఆ రెండు మూడింటికి టాక్సీ దొరుకుతుందా, పక్కింటి కారు దొరుకుతుందా అని ముందుగా అడిగి పెట్టుకుని, అప్పుడు అమ్మకానికి పెట్టండి.